కడుపులో మంట

దరఖాస్తులో పద్నాలుగో ప్రశ్న: "కడుపులో మంట తరచుగా వస్తుందా?" పక్కన మూడు గడులున్నాయి. అవును, కాదు, అప్పుడప్పుడు. సూదమ్మ క్షణం కూడా ఆలోచించకుండా 'కాదు' గడిలో టిక్కు పెట్టింది. వారం తిరిగేసరికి ఆ టిక్కుతో సహా ఆమె కాగితాలన్నీ ఆసుపత్రిలో నర్సు బల్ల మీద ఉన్నాయి. పైన ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి ఉంది.

"మీరు కుదరరమ్మా," అంది నర్సు. "మీ ఆడపడుచుగారు కుదిరారు."

సూదమ్మ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. బట్టలు సరిచేసే దుకాణంలో పన్నెండేళ్ళుగా సూది పట్టిన మనిషి, నాలుక కూడా అదే పదును. అందుకని దుకాణంలో పుట్టిన పేరు ఇంటిదాకా వచ్చి అక్కడే ఉండిపోయింది.

"నేనెందుకు కుదరను?"

"రెండు నెలల కిందట యాంటీబయాటిక్ మాత్రలు మింగినట్టు మీరే రాశారు. మూడు నెలలు దాటాలి. ఆ మాత్రలు పేగుల్లో ఉన్న మంచి క్రిముల్ని కూడా ఊడ్చి పారేస్తాయి. మాకు కావలసింది ఆ మంచి క్రిములే కదా."

ఈ సంగతంతా సూదమ్మకు కంఠతా వచ్చు. పెద్ద డాక్టరు మొదటి రోజే బొమ్మలు గీసి మరీ చెప్పాడు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి కడుపు ఎప్పుడూ బాగుండదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం తీసుకుని, వడకట్టి, అందులోని సూక్ష్మజీవుల్ని ఆ పిల్లల పేగుల్లోకి ఎక్కిస్తే కడుపు కుదుటపడుతుందేమో చూస్తున్నారు. "ఇది ఇంకా పరీక్షే. మాటలొస్తాయని మాత్రం నేను మాటివ్వను," అని కూడా అన్నాడాయన. ఆ చివరి ముక్క ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు.

సూదమ్మ ఎడమ చెయ్యి బల్ల మీద చాపింది. మణికట్టుకు కాస్త పైన రెండు వంకర వరసల్లో మచ్చలున్నాయి. "ఆ మాత్రలు ఎందుకు మింగానో రాయడానికి మీ కాగితంలో చోటు లేదేం? ఇదిగో, ఇది కరిస్తే మింగాను. దీని పంటిగాటే చీము పట్టింది. ఇప్పుడు దీనికి ఇవ్వడానికి నేనే పనికిరానంటే ఎలా?"

'ఇది' అన్న మనిషి బల్ల పక్కన ఉంది. ఆరేళ్ళ ఆడపిల్ల. మాటా పలుకూ లేకుండా కంచం ముందుకు తోసేసిందంటే ఆ వంట మీద తీర్పు చెప్పేసినట్టే. అందుకని ఇంట్లో అందరూ జడ్జిగారంటారు. జడ్జిగారు ఇప్పుడు కుర్చీ అంచుకు పొట్ట ఆనించి బలంకొద్దీ నొక్కుకుంటోంది. దొడ్డికి వెళ్ళి నాలుగు రోజులైంది. నొప్పి అని చెప్పడం రాదు. ఏ గట్టి అంచు కనిపించినా ఇలా పొట్ట నొక్కుకుంటే అదే చెప్పడం.

"కారణానికి గడి లేదమ్మా," అంది నర్సు. ఆమె గొంతులో జాలి ఉంది గానీ చేతిలో కలం అప్పుడే తర్వాతి పేరు మీదికి వెళ్ళిపోయింది.

వెనక కుర్చీలోంచి ఆడపడుచు ఒక్క ఉదుటున లేచి వచ్చింది. "వదినా, నేను పాసయ్యాను!" బస్టాండులో టికెట్ల కౌంటరు దగ్గర కూచునే మనిషి, ముద్ర ఉన్న కాగితమంటే మహా గౌరవం. ఆ ఫలితం కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకి చదివింది. "'దాత ఉదరము సంపూర్ణ ఆరోగ్యముగా ఉన్నది.' చూశావా? ముద్ర కూడా వేశారు."

"చూశాను," అంది సూదమ్మ. ఒళ్ళు మండిపోయింది. తొమ్మిది నెలలు మోసిన కడుపు పనికిరాలేదు. పండగ చుట్టంలా ఎప్పుడో ఒకసారి వచ్చి, బొమ్మ ఇచ్చి, పిల్ల ఏడవగానే చెప్పులు వేసుకునే మనిషి కడుపు పనికొచ్చింది.

ఏడు రోజులు వరసగా ఏడు డబ్బాలు ఇవ్వాలి. ఒక్కటి తక్కువైనా కుదరదు. పొద్దున్నే మంచుగడ్డల పెట్టెలో పెట్టి గంటలోపల ల్యాబులో అందించాలి. ఏడోది అయ్యాక దాతకు మళ్ళీ రక్తపరీక్ష చేసి, అంతా సవ్యంగా ఉంటేనే ఆ ఏడూ వాడతారు. మధ్యలో దాత జబ్బుపడినా, యాంటీబయాటిక్ మింగినా అన్నీ పారబోస్తారు. పిల్ల పేరు తర్వాతి విడతకు పోతుంది. అంటే ఇంకో ఆరు నెలలు.

ఆడపడుచు ఇల్లు ఊరి అవతలి కొసన ఉంది. ఆమె మొగుడు దూరపు బస్సుల డ్రైవరు, ఎలాగూ ఇంట్లో ఉండడు. అందుకని ఆమె సెలవు పెట్టి ఆ రాత్రికే పెట్టె సర్దుకుని అన్న ఇంటికి వచ్చేసింది. అత్తగారు కూతురి కోసం పళ్ళు, పెరుగు, ఆకుకూరలు తెప్పించి పెట్టింది.

"నా కూతురి కడుపు బంగారం," అంది అత్తగారు కూర వడ్డిస్తూ. పక్కనే నిలబడ్డ కోడలి కడుపు ఏ లోహమో ఆవిడ చెప్పలేదు.

"అమ్మా, చాల్లే," అన్నాడు సూదమ్మ మొగుడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఇరుక్కుపోయిన వాళ్ళను బయటికి లాగడం వృత్తి గనక ఇంట్లో కూడా అదే ప్రయత్నం చేస్తుంటాడు. "ఎవరిదైతేనేం? పిల్లకి నయమైతే చాలు."

"నేనేం అన్నాను?" అంది సూదమ్మ. "నేనేమన్నా అన్నానా?"

ఏమీ అనలేదు. నిజమే. కంచాలు మాత్రం కాస్త గట్టిగా చప్పుడయ్యాయి.

సూదమ్మ దుకాణం ఆసుపత్రి వీధిలోనే ఉంది. దాంతో ఆ డబ్బా మోసే భాగ్యం ఆమెకే పట్టింది. పొద్దున ఏడింటికి ఆడపడుచు స్నానాలగదిలోంచి వచ్చి, డబ్బాను రెండు సంచుల్లో చుట్టి, మంచుగడ్డల మధ్య పెట్టి, మూత నొక్కి, "జాగ్రత్త వదినా, వంచకు," అని చెప్పేది. సూదమ్మ బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూచునేది. మంగళవారం పక్కసీటావిడ "క్యారేజీనా?" అని అడిగితే, "ఆఁ, మా ఆడపడుచు పంపించింది," అంది.

ల్యాబు కిటికీలో కళ్ళజోడు కుర్రాయన డబ్బా తూచి, చీటీ అంటించి, రంగూ రకమూ పోల్చుకునే పట్టికలో చూసి రాసుకున్నాడు. బుధవారం తలెత్తి చిన్నగా నవ్వాడు. "మీ ఆడపడుచుగారిదాండీ? ఫస్టు క్లాసు. నిన్నటిది చూసి మా మేడమ్ కూడా మెచ్చుకున్నారు."

పన్నెండేళ్ళుగా కుట్టు కనపడకుండా కుడుతున్న సూదమ్మను ఇంతవరకు ఏ మేడమూ మెచ్చుకోలేదు. ఆమె సంతకం పెట్టి, ఖాళీ పెట్టె చంకన పెట్టుకుని దుకాణానికి వెళ్ళింది. ఒక తోలు కోటుకు జిప్పు మార్చాలి. పాత కుట్లు ఒక్కొక్కటే బ్లేడు కొసతో తెంపింది. దారపు పీచులు వేలి చివరతో ఏరింది. కొత్త జిప్పును పక్కలకు ఆనించి, ముందు చేత్తో వదులు కుట్టు వేసి, తర్వాత మిషను కిందికి తోసింది. తోలు మీద సూది తప్పు చోట దిగితే ఆ చిల్లు ఇక పూడదు. గుడ్డకు ఉన్న క్షమాగుణం తోలుకు లేదు. ఆ రోజు రెండు చిల్లులు పడ్డాయి.

"ఏం సూదమ్మా, కోపం కోటు మీదా, కోటు తొడుక్కునేవాళ్ళ మీదా?" అన్నాడు దుకాణం పెద్దాయన.

"నా మీదే," అంది.

అది కూడా నిజం కాదు. ఆమె భయం ఒకటే. రేపు పిల్ల కడుపు బాగుపడుతుంది. బాగుపడనీ, అంతకంటే ఏం కావాలి? కానీ ఆ పిల్ల నోట ఏదైనా ఒక మాట వస్తే, అది 'అమ్మ' కాకుండా 'అత్త' అయితే? రెండూ రెండక్షరాలే. అప్పుడు చుట్టాలందరూ మేనత్త కడుపు చలవ అంటారు. అత్తగారు ఊరంతా చెప్పుకుంటుంది. తను పక్కన నిలబడి అవునవునని నవ్వాలి. ఇలాంటి ఆలోచన వచ్చినందుకు సూదమ్మకు సిగ్గేసింది. సిగ్గేసినంత మాత్రాన ఆలోచన పోలేదు.

తనకు మిగిలిన గొప్ప ఒకటుంది. జడ్జిగారు తనను తప్ప ఎవరినీ కరవదు. తండ్రిని గీరుతుంది, నాయనమ్మను తోస్తుంది. కరవడం మాత్రం తల్లినే. అత్తగారే ఒకసారి అంది, "తనదనుకున్న చేతినే కరుస్తుంది పిచ్చిది," అని. చెయ్యి నొప్పిపెడుతున్నా సూదమ్మకు ఆ మాట కడుపు నింపింది. చొక్కా చేతులు పొట్టిగా ఉన్నవే వేసుకుని ఆ మచ్చల్ని దుకాణంలో అందరికీ కనిపించనిచ్చేది.

బుధవారం సాయంత్రం ఇంటికొచ్చి పిల్ల మొహం కడుగుతుంటే పైవరసలో ముందుపన్ను లేదు. వారం నుంచి ఊగుతున్నదే. ఊడిన పాలపళ్ళలో మొట్టమొదటిది. సూదమ్మ మంచం కిందా, సోఫా సందుల్లోనూ, చెత్తబుట్టలోనూ వెతికింది.

"మింగేసి ఉంటుందిలే వదినా," అంది ఆడపడుచు అటు తిరిగి బట్టలు మడతపెడుతూ.

"నువ్వు చూశావా?"

"లేదు. నేనెక్కడ చూశాను?"

ఆ మాట అంటూ ఆమె తన చేతిసంచీ దగ్గరికి లాక్కుంది. ఆ తర్వాత రెండు రోజులూ సూదమ్మ గమనిస్తూనే ఉంది. ఆ సంచీలో మడతపెట్టిన కాగితం ఒకటుంది. గంటకోసారి తీసి చూసుకుంటుంది, వదిన కనిపిస్తే లోపల పెట్టేస్తుంది. ఇంకేం కాగితం? ఆ ముద్ర కాగితమే అయ్యుంటుంది. సంపూర్ణ ఆరోగ్యమట. ఎన్నిసార్లు చదువుకుంటుందో, అనుకుని సూదమ్మ పళ్ళు కొరికింది.

శుక్రవారం సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, ఆడపడుచు తన యూనిఫాం చొక్కా తెచ్చి ఇంట్లో ఉన్న సూదమ్మ కుట్టుమిషను మీద పెట్టింది. "వదినా, దీనికి చేతులు పొడుగు పెట్టగలవా? మణికట్టు దాకా. గుండీలు కూడా. సోమవారం డ్యూటీకి వేసుకోవాలి."

ఈ ఎండల్లో పొడుగు చేతులు! ఏడో డబ్బా ఇచ్చాక ఆసుపత్రివాళ్ళు దాతలతో ఫోటో తీయించుకుంటారని నర్సు చెప్పిన సంగతి సూదమ్మకు గుర్తొచ్చింది. ఫోటోకి ముస్తాబన్నమాట. "పెడతాలే, చెయ్యి చాపు," అంది, టేపు మెడలోంచి తీస్తూ.

"పాత చొక్కా కొలతలు తీసుకో."

"కొలవకుండా గుడ్డ కోసే అలవాటు నాకు లేదు. చాపు."

కుడిచెయ్యి చాపింది. ఎడమచేతికి పలచటి తువ్వాలు చుట్టుకుని ఉంది. సూదమ్మ టేపు చుట్టడానికి ఆ తువ్వాలు లాగేసింది.

మణికట్టుకు కాస్త పైన రెండు వంకర వరసలు. చుట్టూ ఎర్రగా వాచి, చర్మం నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే కాలుతోంది. పైవరసలో మధ్యన ఒక గాటు లేదు. అక్కడ ఖాళీ ఉంది.

సూదమ్మ వేలు ఆ ఖాళీ దగ్గర ఆగింది. "ఎప్పుడు?"

"బుధవారం. అమ్మ స్నానానికి వెళ్ళింది. ఇది సోఫా చెయ్యికి పొట్ట నొక్కుకుని ఒకటే మూలుగు. చూడలేక పొట్ట రాశాను. రాస్తుంటే గబుక్కున పట్టుకుంది." ఆడపడుచు గొంతు తగ్గించింది. "నేను లాక్కోలేదు వదినా. నువ్వు లాక్కోవు కదా, అందుకని."

సూదమ్మ టేపును వేళ్ళకు బిగించి చుట్టుకుంది. డబ్బా పోతే పోయింది, ముద్ర పోతే పోయింది. ఇది కూడానా? ఇది కూడా ఈమెకే ఇచ్చేసిందా?

"ఎవరికీ చెప్పకు," అంది ఆడపడుచు. "ఇవాళ్టికి నాలుగయ్యాయి. ఇంకా మూడే. ఏడోది ఇచ్చిన రోజే మాత్రలు మింగుతాను."

"చీము పట్టింది. నాకు తెలుసు ఇది."

"మూడు రోజులకి ఏమవుతుంది?"

సూదమ్మ పంటిగాటును మళ్ళీ చూసింది. మూలన పిల్ల ఉంది, సోఫా చెయ్యికి పొట్ట ఆనించుకుని. ఆరు నెలలు. ఆమె సూదుల డబ్బాలోంచి గుడ్డల మీద గీసే నీలం సుద్ద తీసింది. ఎర్రదనం ఎక్కడిదాకా పాకిందో అక్కడ చేతి చుట్టూ సన్నటి గీత గీసింది. "రేపు పొద్దుటికి ఇది దాటకపోతే నోరు మూసుకుంటాను. దాటితే డాక్టరు దగ్గరికి. తడపకు, చెరపకు."

"సరే," అంది ఆడపడుచు. చిన్నపిల్లలా తలూపింది.

శనివారం పొద్దున ఐదో డబ్బా మంచుగడ్డల మధ్య సిద్ధంగా ఉంది. ఆడపడుచు చెయ్యి చాపి చూపించింది. "చూడు వదినా. దాటలేదు. గీత లోపలే ఉంది."

ఎరుపు గీత లోపలే ఉంది. సూదమ్మ చేతిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పెట్టింది. పన్నెండేళ్ళలో ఆమె సుద్దతో కొన్ని లక్షల గీతలు గీసి ఉంటుంది. ఆమె గీత వెంట్రుకంత సన్నం, మొదలుపెట్టిన చోటే వచ్చి కలుస్తుంది. ఈ గీత వేలెడు లావుంది, వణికింది, మోచేతి దిశగా రెండంగుళాలు పైకి జరిగింది. రెండు కొసలూ కలవలేదు.

"ఈ గీత నాది కాదు," అంది.

ఆడపడుచు చెయ్యి వెనక్కి లాక్కుంది. "నీదే."

"నా కుట్టూ నా గీతా నాకు తెలీదా? నా మిషను మీద సుద్ద నిన్న కుడివైపు పెట్టాను, ఇవాళ ఎడమవైపుంది."

ఆడపడుచు సోఫాలో కూలబడింది. కళ్ళు జ్వరంతో మెరుస్తున్నాయి. "రెండు రోజులు వదినా. కాళ్ళు పట్టుకుంటాను. పిల్లల కోసం ఈ కడుపుని ఎంతమంది డాక్టర్లకి చూపించానో నీకు తెలుసు కదా, తొమ్మిదేళ్ళు. ఎక్కడికెళ్ళినా లాభం లేదన్నవాళ్ళే. మొదటిసారి పనికొస్తుందని ఒకళ్ళు ముద్రేసి ఇచ్చారు. దాన్ని నువ్వు..."

ఆ గీత తనది కాదని గుర్తుపట్టనట్టు ఊరుకుంటే సరిపోయేది. డబ్బా చంకన పెట్టుకుని బస్సెక్కితే సరిపోయేది. పిల్లకు వచ్చే వారమే వైద్యం. సూదమ్మ పెట్టె మూత మీద చెయ్యి పెట్టి నిలబడింది. తనకు ఇలాగే అయినప్పుడు, పిల్లను చూసే దిక్కులేక మూడు రోజులు ఆగింది. నాలుగో రోజు చలితో పళ్ళు టకటకలాడుతుంటే మొగుడు ఆటోలో వేసుకెళ్ళాడు. రెండో రోజే ఎవరైనా రెక్క పట్టుకుని లాక్కెళ్ళి ఉంటే బాగుండేదని అప్పుడు ఏడ్చింది.

"అత్తయ్యా, జడ్జిగారిని చూసుకోండి," అని కేకేసింది. ఆడపడుచు రెక్క పట్టుకుని లేపింది. "చెప్పులేసుకో."

బస్సులో మంచుపెట్టె లేదు. ఒళ్ళు ఖాళీగా ఉంది. ఇది జాలేనని సూదమ్మ తనకు తాను చెప్పుకోవాలనుకుంది గానీ పూర్తిగా చెప్పుకోలేకపోయింది. ఆడపడుచు కాగితం మీద కూడా ఎర్రగీత పడుతుందన్న తలపు లోపల ఎక్కడో చల్లగా తగిలింది. పిల్ల కడుపునొప్పి ఇంకో ఆరు నెలలు. అయినా ఆ చల్లదనం ఉంది. తనను చూసి తనకే అసహ్యం వేసింది.

గాయాల డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకో రోజు ఆగితే మంచం ఇచ్చి పడుకోబెట్టేవాణ్ణి," అన్నాడు. సూది వేశాడు. పది రోజులకు మాత్రలు రాశాడు. ఆడపడుచు మొదటి మాత్రను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. సూదమ్మ నీళ్ళసీసా మూత తీసి అందించింది. మింగింది.

పై అంతస్తులో నర్సు సంగతి విని, పుస్తకంలో రాసుకుని, నిట్టూర్చింది. "నాలుగు డబ్బాలూ పారబొయ్యాల్సిందే. పాప పేరు వచ్చే విడతలో పెడతాను. అప్పటికి మీ ఇద్దరికీ గడువు తీరుతుంది, ఇద్దరూ మళ్ళీ దరఖాస్తు ఇవ్వండి." రెండు కొత్త కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఈలోగా ఎవరూ కరిపించుకోకండి."

ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. వరండాలో బెంచీ మీద కూచున్నా ఆగలేదు. ఆడపడుచుకు నవ్వులోంచే ఏడుపొచ్చింది. చేతిసంచీ తెరిచి మడతపెట్టిన ఆ కాగితం తీసింది.

"ఇది నీది వదినా. ఇచ్చేద్దామని రోజూ తీశాను. ఇస్తే కరిచిన సంగతి చెప్పాల్సొస్తుందని భయం."

ముద్ర కాగితమే. మధ్యలోకి నాలుగు మడతలు పెట్టి ఉంది. సూదమ్మ ఒక్కొక్క మడతే విప్పింది. లోపల బియ్యపు గింజంత తెల్లగా పన్ను ఉంది. మొదట్లో కాస్త నెత్తురు ఎండిపోయి ఉంది.

"నా చేతిలో ఉండిపోయింది," అంది ఆడపడుచు. "తనే నా చెయ్యి వదిలి, పన్ను ఊడిన చోట వేలు పెట్టుకుని, నావైపు చూసింది. ఎప్పుడూ చూడదు కదా, ఆ రోజు చూసింది."

సూదమ్మ ఎడమచెయ్యి తెచ్చి ఆడపడుచు చేతి పక్కన ఆనించింది. ఒక చేతిమీద అన్ని పళ్ళూ ఉన్నాయి. ఇంకో చేతిమీద ఒకటి తక్కువ. తనవైపు కూడా చూడదు పిల్ల, ఎప్పుడో తప్ప. కరిచినప్పుడు కూడా చూడలేదు. మళ్ళీ భగ్గుమంది లోపల. ఈసారి సూదమ్మ దానికి వేరే పేరేమీ పెట్టలేదు.

పన్నును చీర కొంగు మూలన కట్టేదేమో, ఇవాళ తొందరలో పని చొక్కాతోనే వచ్చేసింది. గుండీలు పెట్టుకునే చిన్న జేబులో వేసుకుంది. కాగితం మడతపెట్టి ఆడపడుచుకే తిరిగిచ్చింది. "ముద్ర నీది. దాచుకో."

తర్వాత కలం తీసి కొత్త దరఖాస్తు ఒళ్ళో పెట్టుకుంది. పేరు, వయసు, బరువు. గబగబా నింపుకుంటూ పోయి పద్నాలుగో ప్రశ్న దగ్గర ఆగింది. కడుపులో మంట తరచుగా వస్తుందా? 'కాదు' గడి మీదికి వెళ్ళిన కలం వెనక్కి వచ్చింది. 'అప్పుడప్పుడు' గడిలో, సుద్దతో గీసినంత సన్నగా, టిక్కు పెట్టింది.

ఆడపడుచు భుజం మీదుగా తొంగిచూసింది. "వదినా, అది గ్యాస్ గురించి అడిగింది."

"నాకు తెలుసు," అంది సూదమ్మ. "నీది కూడా నింపు."